మాటలు లేని పాట

సంగీతము గాత్రమనియు, వాద్యమనియు రెండు విధములు. గాత్రమునకు మాట తోడుండును. వాద్యమునకు మాట లేదు. వాద్యసంగీతమునందును మరల రెండు తరగతులు గలవు. ఒకటి కచేరీలలో విద్వాంసులు వినిపించునది. దానిని గ్రహించుటకు వినువానికి కొంత శిక్షణ కావలెను. రెండవది నలుగురైదుగురు గాని పదిపండ్రెండుమంది గాని గుంపుగా కూడి, జనులకు పరిచితమైన వరుసలను చెవికింపుగా వాయించునది. దీనిని వినుటకు శిక్షణ అక్కఱలేదు. బండి తోలుకొని పోవువాడును, అరుగుపై కూర్చున్న ముసలమ్మయు, తల్లి చంకలోని పసిబిడ్డయు సమానముగా ఆనందింతురు. పాశ్చాత్యదేశములందు ఈ రెండవ తరగతిని సుఖముగా వినదగిన సంగీతమను అర్థము వచ్చు పేరుతో పిలుచుచున్నారు. మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములందు దీనికి ప్రతినిధి బ్యాండు మేళము.

ఇట్టి బృందములకు కీర్తి మిక్కిలి వేగముగా వచ్చును. అంతకంటె వేగముగా పోవును. వరుస నిలుచును గాని దానిని వాయించినవారి పేరు నిలువదు. ఇట్లేల జరుగుచున్నదో విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము. ఈ విషయమున మేమును ఒకరికి ఋణపడియున్నాము. ఆ సంగతి చివర చెప్పుకొందుము.

మొదట మేళముయొక్క కూర్పును తెలిసికొందము. పెండ్లి బ్యాండులో సాధారణముగా పదిమంది మొదలు ఇరువదిమంది వఱకు నుందురు. పాటను మోయువాడు క్లారినెట్టుకాడు. సినిమాపాటలో గాయకుడు పాడు భాగమంతయు ఇతని వంతు. పల్లవి తిరిగి వచ్చినపుడు కార్నెట్టులు, ట్రంపెట్టులు అందుకొని వీధి చివరవఱకు దానిని వినిపింపజేయును. యుఫోనియము క్రింది స్థాయిలో ఆధారమిచ్చును. కొన్ని మేళములందు సాక్సఫోను కూడ నుండును. పెద్ద డ్రమ్ము అడుగు తప్పకుండ నడిపించును. చిన్న డ్రమ్ము ఆ నడకకు చుఱుకుదనము నిచ్చును. ఎఱ్ఱని గాని నీలపు గాని కోటులు, జరీ పట్టీలు, టోపీలు ధరించి రెండు వరుసలుగా వారు నడుచుచుండ, పెండ్లికొడుకు బండి వారి వెనుక మెల్లగా కదలును. వారికిరుప్రక్కల దీపములు మోయువారుందురు. మన ఊళ్లలో ఈ దృశ్యమును చూడని పెద్దవారు లేరు.

ఈ వాద్యములు పనిచేయు తీరు తెలిసికొనదగినది. సన్నాయి నోటియొద్ద రెండు రెల్లు రేకులు ఒకదానినొకటి తాకుచు అదరును. క్లారినెట్టునందో, ఒకే రెల్లు పలుక అదరును. ఈ వాద్యమును జర్మనీలోని న్యూరంబర్గు పట్టణమున డెన్నర్ అను వాద్యనిర్మాత సుమారు 1700 ప్రాంతమున రూపొందించెను. కార్నెట్టు వంపులు తిరిగిన ఇత్తడి గొట్టము; దానికి మూడు మీటలు మాత్రమే కలవు. మూడు మీటలతో స్వరములన్నియు ఎట్లు పలుకునని విద్యార్థులు అడుగవచ్చును. మీటను నొక్కినపుడు గాలి అదనపు గొట్టములోనికి తిరిగి పోవును. అందుచే దారి పొడవు పెరుగును. పొడవు పెరిగిన కొలది స్థాయి దిగును. రెండవ మీట అర్ధస్వరమును, మొదటి మీట పూర్ణస్వరమును, మూడవ మీట ఒకటిన్నర స్వరమును దించును. వీనిని విడిగాను కలిపియు నొక్కుచు, పెదవుల బిగువు మార్చుచు వాదకుడు కావలసిన స్వరమును పలికించును. ఈ మీటల యుపాయము జర్మనీ దేశమున 1814, 1818 సంవత్సరముల నడుమ పుట్టినది. సాక్సఫోనునకు బెల్జియము దేశస్థుడగు అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిసు నగరమున పేటెంటు పొందెను. భౌతికశాస్త్రపు పుస్తకములో గాలిస్తంభముల పాఠము చదువు బాలుడు ఒక్కమాఱు కార్నెట్టును చేతబట్టి చూచినచో ఆ పాఠమును మఱి మఱువడు.

ఇవి మన దేశమునకు ఇంగ్లీషు పటాలముల వెంట వచ్చినవి. సిపాయిలు అడుగు కలిపి నడుచుటకు పటాలమునకొక బ్యాండు ఉండెడిది. 1798 మొదలు 1832 వఱకు తంజావూరును పాలించిన శరభోజి మహారాజు తన కొలువున పాశ్చాత్య వాద్యముల బ్యాండును పోషించెను. క్రమముగా ఈ వాద్యములు సంస్థానముల నుండి పట్టణములకును, పట్టణముల నుండి పల్లెలకును దిగినవి. ఇంగ్లండు దేశమున యుద్ధమునకు నడిపించిన కొమ్ము మన ఊరిలో వియ్యాలవారిని ఎదుర్కొనుటకు ఉపయోగపడినది.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతి కలదు. కర్ణాటక సంగీతత్రయములో నొకరగు ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండులు వాయించు వరుసలను విని, వానికి సంస్కృతమున సాహిత్యము కూర్చిరి. వానినే నోటుస్వరములందురు. ఇంగ్లండు రాజగీతపు వరుసకు కూడ వారి సాహిత్యము కలదు. దీక్షితులు 1835లో గతించిరి. ఆనాటి పటాలపు బ్యాండులలో కొమ్మూదినవాని పేరొక్కటియు మన మెఱుగము. కాని మాటలు కూర్చిన దీక్షితుల పేరుతో ఆ వరుసలు నేటికిని సంగీతపాఠములందు బాలబాలికల నోట పలుకుచున్నవి. మాట వరుసకు త్రాడువంటిది. ఆ త్రాటితోనే పేరును కట్టి నిలుపవచ్చును. మాట లేనిచో పేరును కట్టుటకు చోటు చిక్కదు.

దీనికి ప్రక్క దృష్టాంతము మన ఇండ్లలోనే కలదు. తెల్లవారుజామున ఆకాశవాణి ప్రసారమునకు ముందు ఒక చిన్న వరుస వినబడును. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. నాటినుండి మన తల్లులు ఎందఱో ఆ వరుస విని పొయ్యి రాజేసిరి. మన తండ్రులు ఎడ్లను విప్పిరి. దానిని కూర్చినవాడు వాల్టర్ కౌఫ్మన్. ఆయన చెకోస్లొవేకియా దేశమునుండి 1934లో బొంబాయికి వచ్చిన యూదు విద్వాంసుడు. ఐరోపాలో యూదులకు నిలువనీడ లేకపోవుచున్న కాలమున మన దేశమున తలదాచుకొని, మన శివరంజనీరాగపు ఛాయలో ఆ వరుసను మనకిచ్చెను. ఇన్ని సంవత్సరములు ఉదయమున మనలను లేపినవాని పేరు మా తరగతిలో నడుగగా ఒక్కరును చెప్పలేకపోయిరి. నిజము చెప్పవలెనన్న, కొంతకాలము క్రిందటివఱకు మేమును ఎఱుగము.

ఇక ఇది మన దేశమునకే పరిమితమైన లోపమా యని చూతము. ఇంగ్లండు దేశమున 1962వ సంవత్సరమున టార్నడోస్ అను ఐదుగురు వాద్యకారుల బృందము ఉండెను. బిల్లీ ఫ్యూరీ యను గాయకునికి వెనుక నిలిచి వాయించుట వారి వృత్తి. ఆ యేట జూలై 10వ తేదీన అమెరికావారు టెల్‌స్టార్ అను ఉపగ్రహమును ఆకాశమునకు పంపిరి. అట్లాంటిక్ సముద్రమునకు ఇవతలి బొమ్మను అవతలికి చేర్చిన ఆ సాధనమును చూచి లోకమంతయు ఆశ్చర్యపడెను. లండను నగరమున హాలోవే వీథిలో, తోలు సామానుల దుకాణముపై మేడలో, గదులనే ధ్వనిశాలగా చేసికొన్న జో మీక్ అనునాతడు ఆ యుత్సాహముతో ఒక వరుస కూర్చి, ఈ యైదుగురిచే వాయింపించి, దానికి ఉపగ్రహముయొక్క పేరే పెట్టెను. అందులో పాటను మోసినది క్లావియోలిన్ అను విద్యుద్వాద్యము. దానిని 1947లో ఫ్రాన్సు దేశస్థుడొకడు నిర్మించియుండెను. ఒకసారికి ఒక్క స్వరమే పలుకు ఆ మెట్ల వాద్యపు ధ్వని, నక్షత్రలోకమునుండి దిగివచ్చిన కీచుకొమ్మువలె నుండును.

ఆగస్టు నెలలో ఆ రికార్డు వెలువడెను. ఇంగ్లండున ఐదు వారములు అది మొదటి స్థానమున నిలిచెను. డిసెంబరు నాటికి అమెరికాలోను మొదటి స్థానము నందెను. ఒక బ్రిటిషు బృందమునకు ఆ గౌరవము దక్కుట అదియే మొదటిసారి. గాయకుని వెనుక చీకటిలో నిలువబడినవారు ఒక్క చలికాలములో లోకమునకు తెలిసిరి. మాట లేకపోవుటయే వారికి మేలు చేసినది. ఏ భాషవాడైనను ఆ పాటను తనదిగా వినగలిగెను.

పిమ్మట జరిగినది శీఘ్రముగా చెప్పవచ్చును. 1963లో బీటిల్స్ మొదలగు పాడు బృందముల వెల్లువ వచ్చెను. జనులకు వాద్యముకంటె ముఖమును, గొంతును, మాటను ప్రేమించుట సులభము గదా. టార్నడోస్ వారి తరువాతి రికార్డులు కొన్ని ఆదరణ పొందెను గాని మొదటిదానికి సాటి రాలేదు. 1965 నాటికి మొదటి యైదుగురిలో ఒక్కరును ఆ బృందమున మిగులలేదు. ఆ వరుస తనదని ఫ్రాన్సు దేశపు సంగీతకర్త యొకడు వ్యాజ్యము వేయుటచే, జో మీక్‌నకు రావలసిన ధనము నిలిచిపోయెను. తీర్పు అతని పక్షమున వచ్చునప్పటికి అతడు లేడు. 1967 ఫిబ్రవరిలో దుఃఖకరముగా మరణించియుండెను. డ్రమ్ములు వాయించిన క్లెమ్ కాటినీ మరల వెనుక వరుసకు పోయి, ఇతరుల రికార్డులలో వాయించెను; వానిలో నలువదికి పైగా ఇంగ్లండున మొదటి స్థానము పొందినవి. వినినవారిలో ఎందఱు ఆతని నెఱుగుదురు? టెల్‌స్టార్ ఉపగ్రహము కూడ అణ్వస్త్ర పరీక్షవలన ఆకాశమున వ్యాపించిన కిరణములచే చెడి, 1963 ఫిబ్రవరిలో మూగవోయెను. అది నేటికిని భూమిని చుట్టుచునే యున్నది. పలుకుట మాత్రము లేదు.

ఈ దృష్టాంతములవలన అల్పకాలపు కీర్తికి కారణములు మూడు కానవచ్చుచున్నవి. మొదటిది, పైన చెప్పినట్లు, మాట లేకపోవుట. రెండవది, ధ్వనిలోని క్రొత్తదనము. క్రొత్త వాద్యపు మోత మొదటిసారి అద్భుతము, పదియవసారి పరిచితము, నూఱవసారి పాతది. మూడవది, గుంపు. ఒక్కనిని జ్ఞాపకముంచుకొనుట సులభము. పదిమందిని ఉంచుకొనుట కష్టము. కాకినాడలో 1936లో జన్మించి, ఈమని శంకరశాస్త్రిగారి శిష్యుడై, వీణపై కోయిల కూతను పలికించిన చిట్టిబాబుగారి 'కొమ్మలో కోయిల'కును మాటలు లేవు. అయినను ఆయన గతించిన 1996 తరువాత కూడ ఆ వీణ యనగనే ఆ పేరు వచ్చుచున్నది. ఏలయన, ఆయన ఒక్కరు. రికార్డుపై వారి పేరు అచ్చయినది. గురువెవరో లోక మెఱుగును. కనుక మాటలేని పాటకు పేరు నిలువదనుట విధి కాదు. ఎవరో ఒకరు ఆ పేరును వ్రాసిపెట్టవలెను. అంతియే.

మన బ్యాండు మేళములకు ఈ మూడు కారణములకు తోడు నాల్గవది యొకటి కలదు. వారు వాయించు పాటయు వారిది కాదు. ఆ యేడు సినిమాలలో ఏ పాట ప్రసిద్ధమో దానిని చెవితో విని, రెండు మూడు రాత్రులు సాధన చేసి, మూడవనాడు పెండ్లిలో వాయింపవలెను. స్వరలిపి చూచి వాయించువారు తక్కువ. చెవియే వారి పుస్తకము. క్రొత్త పాటను అందఱికంటె ముందు పట్టిన మేళమునకు ఆ యేడు గిరాకి. పాట పాతబడినచో ఆ కీర్తియు దానితోనే పోవును.

వారి సంపాదన కూడ ఋతువును బట్టియే యుండును. మన మెట్ట ప్రాంతమున ప్రత్తి తీతలు ముగిసి, మిరపకాయలు కల్లములనుండి బస్తాలకెక్కి, రైతు చేతిలో నాలుగు డబ్బులాడినపుడే పెండ్లిండ్లు. ఆ నెలలలో రాత్రికొక ఊరు, నిద్ర బస్సులోనే. ఆషాఢము వచ్చినను, మూఢము వచ్చినను ముహూర్తములు లేవు. క్రైస్తవ వివాహములకు ముహూర్తనియమము లేకున్నను, శ్రమకాలపు నలువది దినములు అవియును జరుగవు. మేళమువారికి మతభేదము లేదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు పోయిన క్లారినెట్టే క్రిస్మసు ఊరేగింపునకు వచ్చును. పెండ్లికి వాయించిన చేతులే శవయాత్రకును వాయించును. అందఱి సుఖదుఃఖములకు నడచినవారు వారు.

ఇప్పుడు పెద్ద పెట్టెలు గల డీజే బండి వచ్చినది. ఒక బండి, ఇద్దఱు మనుష్యులు, కొన్ని తీగలు. పదునొకండుగురి కూలిని అది మిగుల్చును. ఆ పదునొకండుగురి ధ్వనికి పదింతలు ధ్వని చేయును. దీనిని నిందించుట మా యుద్దేశము కాదు. అచ్చుయంత్రము వచ్చినపుడు లేఖకుల వృత్తి పోలేదా? ఐనను, ఎవరి బ్రదుకు మీదుగా ఆ బండి పోవుచున్నదో తెలిసికొనుట మన ధర్మము. ఆ ధర్మమును మేమే తప్పితిమి. అదియే పైన చెప్పిన ఋణము.

గడచిన వార్షికోత్సవమున ఏర్పాటులు చూచుభారము మాపై నుండెను. పూర్వము అతిథులను ద్వారమునుండి వేదికవఱకు బ్యాండుతో తోడ్కొని వచ్చుట మన పాఠశాలలో వాడుక. లెక్క వేసి చూడగా ధ్వనిపెట్టెలకు ఖర్చు తక్కువగా కనబడెను. మేము పెట్టెలకే సంతకము చేసితిమి. ఎవరును ఆక్షేపింపలేదు.

కొన్ని వారములు గడచిన పిమ్మట ఎనిమిదవ తరగతి రిజిష్టరు పూర్తిచేయుచు, ఒక బాలుని తండ్రి వృత్తి యేమని అడిగితిమి. "కూలి" అని తల వంచుకొని చెప్పెను. ప్రక్కనున్నవాడు, "కాదండీ మాష్టారూ, వాళ్ల నాన్న క్లారినెట్ వాయిస్తాడండీ" అనెను. తరగతియంతయు నవ్వెను. ఆ బాలుని ముఖము ఎఱ్ఱబడెను. ఎందులకు నవ్వవలెనో, ఎందులకు సిగ్గుపడవలెనో మాకు తెలియలేదు. "కూలి" యనియే వ్రాసితిమి.

తల్లిదండ్రుల దినమున ఆ బాలుని తండ్రి వచ్చెను. మేము కుర్చీ చూపినను కూర్చుండక, చేతులు కట్టుకొని, "మాష్టారండీ, మీ పెళ్లికి వాయించింది మేమేనండి. చర్చి కాడి నుంచి మీ ఇంటి దాకా" అనెను. ఏ పాట వాయించితిరని అడిగితిమి. ఆయన వరుసను మెల్లగా కూనిరాగము తీసెను. మేము దానిని మఱవలేదు. ఇరువది యేండ్లు గడచినను ఆ సందు, ఆ యెండ, ఆ నీలపు కోటులు, ఆ వరుస, అన్నియు కన్నుల ముందర నిలిచెను. కాని ఆ కోటులపైనున్న ముఖములలో ఒక్కటియు జ్ఞాపకము రాలేదు.

అప్పుడు పదునొకండుగురు ఉండిరట. ఇప్పుడు మిగిలినవారు నలుగురు. ఒకడు ప్రత్తి మిల్లులో పనికి కుదిరెను. ఒకడు ఆటో నడుపుచున్నాడు. ఒకడు హైదరాబాదున కాపలాపని చేయుచున్నాడు. తక్కినవారు ఎటు పోయిరో ఆయనకే తెలియదు. వార్షికోత్సవమునకు తమ్మేల పిలువలేదని ఆయన అడుగలేదు. అడిగియుండిన మాకు కొంత తేలికగా నుండెడిది.

ఈ సంవత్సరము ఆ నలుగురిని పిలుచుటకు మా సంఘమువారు సమ్మతించిరి. నలుగురి పేళ్లును, ఎవరు వాయించు వాద్యమేదో ఆ వివరముతో, కార్యక్రమ పత్రమున అధ్యక్షుల పేరున్న పుటలోనే అచ్చు వేయింతుము. ఇది పెద్ద సత్కారమేమియు కాదు. ఆలస్యముగా చేయుచున్న పని మాత్రమే. రిజిష్టరులోని ఆ మాటను దిద్దుటకు కూడ మేము సిద్ధముగా నున్నాము. కాని దిద్దుడని ఆ బాలుడు ఇంకను అడుగలేదు. మేము దిద్దుట కంటె అతడు అడుగుట ముఖ్యమని తలచి వేచియున్నాము.

విద్యార్థులారా! మీలో కొందఱు గొప్ప సంగీతజ్ఞులు కావచ్చును, అనేకులు కాకపోవచ్చును. అందఱును చేయదగిన చిన్న పని యొకటి కలదు. మీ ఊరి పెండ్లిలో గాని, తిరునాళ్లలో గాని, క్రిస్మసు ఊరేగింపులో గాని వాద్యము వినినపుడు, పాట ముగిసిన పిమ్మట దగ్గఱకు పోయి, వాయించినవారి పేరును, వారికి నేర్పినవారి పేరును అడుగుడు. ఇంటికి పోయి నోటుపుస్తకమున తేదీతో వ్రాసికొనుడు. అట్లు వ్రాసిన పుస్తకములను మా యొద్దకు తెచ్చినచో, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల వాద్యకారుల పట్టికను వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింతుము.